కొవ్వూరు వంతెన మీద వదిలిన సీసా

మొగల్తూరు,
5-7-1998

చిరంజీవి హరిబాబుకు అమ్మ రత్నమాణిక్యం దీవించి రాయిస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, గేదే క్షేమం. నీ భార్య క్షేమంగా లేదు. నువ్వు ఆ మస్కట్‌లో ఒంట్లో బాగుండి ఉన్నావని తలుస్తాను.

ఈ దస్తూరీ ఎవరిదో నీకు తెలుసు. మంచం మీద దిండుకు ఆనుకుని సూర్యకళే రాస్తోంది. పోయిన ఉత్తరం ఎదురింటి ప్రసన్నకుమారి చేత రాయించాను. అది రాసిన పూటే వీధంతా చెప్పేసింది. కోడలి వెనకాల అన్న మాటను కోడలి చేతే రాయించి వెనక్కి తీసుకోవాలని ఇలా కూర్చున్నాను. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం మార్చకూడదని దీనికి ముందే చెప్పాను.

నువ్వడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. వానలు పడ్డాయి, నారుమడి పోశారు. ఇక మూడోది. "నేను వచ్చి పదహారు నెలలైంది, దానికి ఎన్నో నెల?" అని అడిగావు. దాని పేరు ఇక రాయించవద్దన్నావు, పెళ్లిఫొటో గోడ మీంచి తీసెయ్యమన్నావు. ఆ ఉత్తరం నేను దీనిచేతే చదివించుకున్నాను. చదివినంతసేపూ గొంతు వణకలేదు. అంత గట్టిది.

ఏ నెలా కాదురా. అది బిడ్డ కాదు.

ఉగాది వెళ్లాక దీని కడుపు ఎత్తుగా కనపడసాగింది. నేను ఊరుకునే మనిషినా? వంటింట్లో నిలబెట్టి "ఎవడిదే?" అన్నాను.

"అత్తయ్యా, నాకు నెలనెలా వస్తూనే ఉందండి" అంది.

"ఏదీ, గుడ్డలు చూపించు" అన్నాను. చూపించింది. కోడిని కోసి ఆ నెత్తురుతో తడిపిందేమో అనుకున్నాను. నీకు ఉత్తరం రాయించింది ఆ మర్నాడే.

రాయవే, ఆగకు. ఇంతకంటే పెద్దది ముందుంది.

మూడు వారాల కిందట అన్నం తింటూ పడిపోతే రాజమండ్రి తీసుకెళ్లాను. డాక్టరమ్మ స్కానింగ్ తీసింది. కడుపులో నీరు లాగబోతే సూదికి ఎక్కలేదు. సగ్గుబియ్యం జావలా ఉందట లోపల. నన్ను బయటికి పిలిచి, "ఇదివరకు ఆపరేషన్ ఏమైనా అయిందామ్మా?" అని అడిగింది.

"పోయిన శ్రావణంలో అయిందండి. అపెండిసైటిస్ అన్నారు."

"తీసిన అపెండిక్స్‌ని పరీక్ష చేయించారా? రిపోర్టు ఏది?"

రిపోర్టు లేదురా. నేనే లేకుండా చేశాను.

నర్సాపురంలో ఆపరేషన్ చేసిన డాక్టరు దాన్ని మందునీళ్ల సీసాలో వేసి నా చేతికిచ్చి, "మామ్మగారూ, ఇది రాజమండ్రి ల్యాబ్‌లో ఇచ్చి రండి" అన్నాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని చూశాను. నా బొటనవేలంత లావుంది, తెల్లగా ఉంది. మన ఇంటి మనిషి మాంసం. దాన్ని ఎవరో కోసుకుని చూసి అలమరలో పెడతారంటే నా ఒళ్లు మండింది. మా నాన్న వేలు చెరుకు గానుగలో పడి తెగితే, మా అమ్మ పసుపు గుడ్డలో చుట్టి గోదాట్లో విడిచింది. ఒంట్లోంచి పోయింది గోదారికే పోవాలి. కొవ్వూరు వంతెన ఎక్కగానే అందరూ కిటికీల్లోంచి చిల్లర వేశారు. నేను సీసా వేశాను. వేసి దణ్ణం పెట్టుకున్నాను.

కుట్లు విప్పే రోజున నర్సాపురం డాక్టరు "రిపోర్టు ఏమైందండీ?" అని అడిగాడు. "ఏమీ లేదన్నారు, కాగితం వాళ్లే ఉంచుకున్నారు" అన్నాను. రెండోసారి అడిగాడు. రెండోసారీ అదే చెప్పాను.

అది అపెండిక్స్‌కు వచ్చిన క్యాన్సర్ అని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే తెలిసి ఉంటే చేయడానికి ఏదో ఒకటి ఉండేదట. ఇప్పుడు దసరా దాకా అంటోంది.

నా వాదన కూడా రాయి. ఆ నర్సాపురం డాక్టరబ్బాయి క్యాన్సర్ అనే మాట నోట అనలేదు. అని ఉంటే కాళ్లు అరిగేలా నడిచైనా ఆ ల్యాబ్‌కు వెళ్లేదాన్ని. గోదారికి ఇవ్వడం తప్పని నాకు ఎవరూ నేర్పలేదు, డెబ్భై ఏళ్లొచ్చాక నేను నేర్చుకోనూ లేను. అబద్ధం మాత్రం నాది. "ఎవడిదే" అన్న నోరూ నాదే. ఆ రెండింటికీ వాదన లేదు.

కలం ఆపింది. నా వంక చూస్తోంది. దసరా సంగతి దీనికి తెలుసు. సీసా సంగతి ఇప్పుడే తెలిసింది. ఇది కూడా రాయవే, ఆపావని.

ఫొటో గోడకే ఉంది, నేను తీయలేదు. సెలవిస్తే సెలవు పెట్టి రా, ఇవ్వకపోతే ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి రా. వచ్చి దీని కాళ్ల దగ్గర కూర్చో. నన్ను తిట్టాలనుకుంటే తర్వాత తిడుదువుగాని. నేను ఎక్కడికీ పోను.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి
రత్నమాణిక్యం వేలిముద్ర

ఏవండీ, ఇక్కడి నుంచి నా మాట. అత్తయ్య చెప్పినదంతా అక్షరం మార్చకుండా రాశాను. వేలిముద్ర వేసే ముందు ఇంకొకటి చెప్పారు. "కోడలు నన్ను క్షమించింది, మనసులో ఏమీ పెట్టుకోలేదు" అని రాయమన్నారు. రాశావా అని అడిగారు. రాశానన్నాను. రెండోసారి అడిగారు. రెండోసారీ అదే చెప్పాను. కళ్లు తుడుచుకుని వేలు సిరాలో ముంచారు.

అది రాయలేదండి. మీరు రాసిన ఉత్తరం కూడా చింపలేదు, నా తలగడ కిందే ఉంది.

సూర్యకళ