పుష్పమ్మ దగ్గర నీ చీటీ

కొత్తకోట,
ఆగస్టు 4, సోమవారం.

నా కొడుకు సామ్యూల్‌కు, మరియమాత నిన్ను తన కొంగు చాటున ఉంచుకోవాలని మొక్కుతూ అమ్మ రాస్తున్నది. నేను, సౌజన్య, పాప కృప ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు కూడా బాగున్నావని అనుకుంటేనే నాకు ముద్ద దిగుతుంది.

నీ భార్యతో రాయిస్తే అక్షరాలు గుండ్రంగా ఉండేవి. కానీ ఇది సౌజన్యతో రాయించే ఉత్తరం కాదు. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదువు. చదివి చింపెయ్యమని పోయినసారి రాశాను. దీన్ని చింపొద్దు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మేక ఈనింది, రెండు పిల్లలు, ఒకటి కుంటుతున్నది. నా మోకాళ్లకు వనపర్తి దవాఖానలో గోలీలు ఇచ్చారు. వేసుకుంటే కడుపులో మంట, మానేశాను. కృప రోజూ నీ గురించి అడుగుతుంది. "రాయచూరు మిల్లుల పని ఒడువంగనే వస్తడు తియ్" అని సౌజన్య చెబుతుంది. తానూ అదే నమ్ముతున్నది. పోలీసులు మన గడపకు రాలేదు. నువ్వు నడిపిన ట్రాలీ ఆటోకు బర్రె తగిలిందని నువ్వు చెప్పిన మాటనే బండి ఓనరు సేటు ఇప్పటికీ నమ్ముతున్నాడు. అయినా ఇంటి ముందు ఏదైనా బండి ఆగితే చాలు, నా చేతిలోది కింద పడుతుంది. అక్కడ నీకు జ్వరం వచ్చిందేమో, ఎవరైనా గుర్తుపట్టారేమో, రోజంతా ఇవే. ఫోన్ చేయొద్దన్నావని చేయడం లేదు.

గుడిలో అమ్మల సంఘానికి పోతున్నావా, అక్కడ నోరు జారలేదు కదా అని అడిగావు. పోతున్నాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చి లేస్తుందని ఈస్టర్‌కు ముందు తపస్సుకాలంలో చేరాను. ప్రతి శనివారం మధ్యాహ్నం, గుడి వెనక రేకుల షెడ్డులో పదకొండు మందిమి కూర్చుంటాం. కొడుకు తాగుడుతో వేగలేనివాళ్లు, బిడ్డను మట్టిలో పెట్టినవాళ్లు, అందరూ తల్లులే. లూర్దు సిస్టర్ నడిపిస్తుంది. అక్కడ ఎవరు ఏడ్చినా ఊరుకోమనరు. "ఇంట్ల ఏడిస్తె తిట్లు వెడ్తరు, ఈడ ఏడిస్తె ఛాయ్ ఇస్తరు, అందుకే వస్తున్న" అని రాధమ్మ అంటే ఏడుస్తున్నవాళ్లం కూడా నవ్వాం.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి తల్లీ తన బిడ్డ పేరు చీటీ మీద రాసి గంపలో వేయాలి. మళ్లీ తలా ఒకటి తీసుకోవాలి. ఎవరి పేరు వస్తే ఆ బిడ్డ కోసం ఆగస్టులో మరియమాత పండుగ దాకా రోజూ జపమాల చెప్పాలి. నాకు రాధమ్మ కూతురు దీపిక వచ్చింది. నీ చీటీ పుష్పమ్మకు పోయింది.

పుష్పమ్మ ఎవరో నీకు ఇన్నాళ్లూ రాయలేదు. ఉదయ్ కిరణ్ తల్లి. క్రిస్మస్‌కు ముందు, మంచు కమ్మిన ఆ పొద్దున, హైవే పక్క రోడ్డు మీద నీ ట్రాలీ తగిలిన పిల్లవాడి తల్లి. ఉన్నది ఒక్కడే కొడుకు.

ఆ రోజు చీటీ పట్టుకొని నా పక్కన వచ్చి కూర్చుంది. "అక్కా, నీ కొడుకు నాకొచ్చిండు. ఆయనకు ఏం గావాల్నో చెప్పు, గదే అడుగుత."

"ధైర్యం" అన్నాను. "ధైర్యం గావాలని అడుగు చెల్లే."

"గంతేనా? పని, పానం, గవేం వద్దా?"

"వద్దు. ధైర్యమే."

అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం పచ్చి మంచినీళ్లు ముట్టకుండా నీ కోసం ఉపవాసం ఉంటున్నది. నీ చీటీ జపమాల డబ్బాలో పెట్టుకుంది, మడతలు చినిగిపోతే సెల్లో టేపు వేసింది. వారం వారం నన్ను అడుగుతుంది, "ధైర్యమొచ్చిందా అక్కా నీ కొడుక్కు?" అని. ఒకసారి నా చెయ్యి పట్టుకొని, "నాకింక అడుక్కునేటందుకు కొడుకు లేకుండె. నీ కొడుకు దొరికిండు" అన్నది. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుందామని పాపసంకీర్తనం వరుసలో రెండుసార్లు నిలబడ్డాను. రెండుసార్లూ నా వంతు రాకముందే తిరిగి వచ్చాను.

మొన్న శనివారం సిస్టర్ చెప్పింది. పదిహేనో తారీఖు పండుగ పూజ అయ్యాక పిల్లలందరినీ పిలిపించాలట. ఏ తల్లి ఏ బిడ్డ కోసం జపం చేసిందో ఆ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాలట. పుష్పమ్మ నన్ను వదలలేదు. "నీ కొడుకును పిలిపియ్యక్కా. గిన్ని దినాలసంది పేరే జూస్తున్న, జర మొకమన్న జూస్త."

ఇక నువ్వు ఉత్తరం చివర అడిగినదానికి వస్తాను. ఆ పిల్లవాడు అక్కడికక్కడే పోయాడా, నిజం చెప్పమని రెండుసార్లు రాశావు. అక్కడికక్కడే పోయాడు, నువ్వు పోయినా లాభం లేదు అని నేను జవాబు రాశాను. అది అబద్ధం కొడుకా. గంటసేపు ఉన్నాడు. పత్తి ఏరడానికి పోయే కూలీలు చూసేదాకా ఊపిరి ఉంది. దవాఖానకు పోయే తోవలో పోయింది. "ఒక్కలన్న, ఒక్క ఫోన్ జేసుంటే" అని పుష్పమ్మ ఇప్పటికీ అంటుంది. నేను తలొంచుకొని వింటాను.

నువ్వు ఇంటికి వచ్చి, "కదులుతుండె అమ్మా, వోయి జూసొస్త" అన్నావు. నేనే తలుపుకు అడ్డం నిలబడ్డాను. నీ అంగీ పట్టుకున్నాను. "వోతే నిన్ను సంపుతరు, నీ బిడ్డ మొకం జూడు" అన్నాను. ట్రాలీ ముందు భాగం నేనే కడిగాను. నిన్ను బస్సెక్కించింది నేనే. మన ఇంటినుంచి అక్కడికి నడిచినా పది నిమిషాలు. నువ్వు గుద్దింది మంచులో కనబడక. నేను ఆపింది అన్నీ తెలిసి.

ఆమెకు తెలియకుండా ఆ చెయ్యి నీ నెత్తి మీద పడనియ్యను. తొమ్మిదో తారీఖు శనివారం, సంఘానికి పోకముందే పుష్పమ్మ ఇంటికి పోతాను. అంతా చెబుతాను. అక్కడినుంచి పోలీస్ స్టేషన్‌కు పోతాను. సౌజన్యకు రేపే చెబుతాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు వద్దంటావు, నేను మళ్లీ ఆగిపోతాను.

ఇది చదివి నువ్వు ఇంకా దూరం పోతావేమోనని భయంగా ఉంది. ప్రాణం తీసుకుంటావేమోనని అంతకన్నా భయంగా ఉంది. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ పని చేయకు. గురువారానికి ఉత్తరం అందుతుందని పోస్టాయన చెప్పాడు. అందగానే గద్వాల దాకా వచ్చి బస్సు మారు. శుక్రవారం పొద్దంతా ఇక్కడ కొత్తకోట బస్టాండులో కూర్చుంటాను. నువ్వు వస్తే ఇద్దరం కలిసి పోదాం. రాకపోతే ఒక్కదాన్నే పోతాను.

ఆమె నీ నెత్తి మీద చెయ్యి పెడుతుందో, చెంప పగలగొడుతుందో, మన మొహాన తలుపు వేస్తుందో నాకు తెలియదు. అది ఆమె ఇష్టం. నువ్వు మాత్రం తల వంచు. నేను పక్కనే ఉంటాను.

ఐదు నెలలుగా నీ కోసం అడుగుతూనే ఉంది ఆ తల్లి. వచ్చిందా కొడుకా, ధైర్యం?

ఇట్లు,
ఆ పొద్దు నీ అంగీ పట్టి ఆపిన మీ అమ్మ,
తెరేసమ్మ