పన్నెండు వారాల సున్నాలు

పిల్లల ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
దర్జీ దుకాణంలో బొత్తాలు కుట్టే ఒక అమ్మమ్మ వ్రాసుకున్న అర్జీ.

విషయం: మనవరాలి ముక్కు జబ్బు గురించి నేను నింపిన చార్టు తప్పని ఒప్పుకొనుట, అలర్జీ విభాగంలో ఆమె పేరు తిరిగి చేర్చమని కోరుట – గురించి.

అయ్యా,

1. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా తుమ్ములు, ముక్కు కారడం, దిబ్బడ. తోటి పిల్లలు తుమ్మురాణి అంటారు. పక్కవాళ్ళకు ఇబ్బందని టీచరు గారు తలుపు దగ్గరి బెంచీకి మార్చారు. అక్కణ్ణుంచి బోర్డు సగమే కనిపిస్తుంది.

2. విటమిన్ డి చుక్కల వల్ల ఇటువంటి పిల్లలకు మేలు జరుగునా లేదా అని తమ అలర్జీ విభాగంలో పరిశీలిస్తున్నందున, అక్కడ వైద్యానికి వచ్చే పాపను అందులో చేర్చుకొనియున్నారు. ఏ సీసాలో విటమిన్ ఉందో, ఏ సీసాలో ఉత్త నూనె ఉందో ఇచ్చేవారికీ తెలియదట. మొదట ఒకసారి, పన్నెండు వారాలయ్యాక ఒకసారి రక్తం తీశారు. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, లాండ్రీలో పనికి పోతుంది గనుక రోజూ చార్టు నింపడం నా వంతు. ఏమీ లేకపోతే సున్నా, మరీ ఎక్కువైతే మూడు.

3. నేను పన్నెండు వారాలూ సున్నాలే వేసియున్నాను.

4. కారణం మనవి చేసుకుంటాను. ఎలా ఉన్నారని ఎవరడిగినా దేవుడి దయవల్ల బాగున్నాం అనడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ చుక్కలు ఇచ్చిన డాక్టరమ్మ ఎంతో మర్యాదగా మాట్లాడేది. మూడు అని వేస్తే ఆమెనూ, ఆ పైవాణ్ణీ తప్పుపట్టినట్టు ఉంటుందనిపించింది. ఒకరోజు పాప పదకొండు చేతిగుడ్డలు తడిపింది. దుకాణంలో మిగిలిన ముక్కలతో నేనే కుట్టిన గుడ్డలవి. ఆ రోజు ఒకటి వేశాను. ప్రార్థన చేసుకుని వచ్చి, దాన్నే గుండ్రంగా దిద్ది సున్నా చేశాను.

5. గత సోమవారం తమ కార్యాలయం నుండి ఉత్తరం వచ్చింది. జబ్బు లక్షణములు లేనందున అలర్జీ విభాగం జాబితా నుండి పాప పేరు తొలగించడమైనదని అందులో ఉంది. ఆ ఉత్తరం చదువుతున్నంతసేపూ పాప నా పక్కనే తుమ్ముతోంది.

6. ఉత్తరం పట్టుకుని పరుగున వచ్చాను. రక్తం తీసే నర్సు కాగితాలు తిప్పి చూసింది. రక్తంలో అలర్జీని చూపే అంకెలు మొదటికన్నా పెరిగాయంది.

"పిన్నీ, చార్టులో పాప ఆడుకుంటోంది, రక్తంలో తుమ్ముతోంది. ఎవరి మాట నమ్మమంటారు?"

"రక్తం మాటే నమ్ము తల్లీ," అన్నాను.

నింపిన చార్టు మార్చాలన్నా, కొట్టేసిన పేరు ఎక్కించాలన్నా తమ సంతకం కావాలంది.

7. సంగతి మా అమ్మాయికి తెలిసింది. ఒకే మాట అంది: "మంచిదానివనిపించుకోడానికి పిల్ల ముక్కు తాకట్టు పెట్టావా అమ్మా?" అప్పట్నుంచి సూదిలో దారం ఎక్కడం లేదు, కుట్టిన బొత్తాం నిలవడం లేదు.

కావున తమరు దయయుంచి:

(అ) నా సున్నాలను లెక్కలోంచి తీసివేయించాలి. వాటిని నమ్మి రేపు ఇంకెవరి పిల్లల విషయంలోనైనా పొరపాటు నిర్ణయం జరిగితే ఆ పాపం నాది.

(ఆ) పాప పేరు తిరిగి చేర్పించాలి. తప్పు చార్టుది, ముక్కుది కాదు.

ఒకటే వీలవుతుందంటే మొదటిదే చేయండని వ్రాసి, కొట్టివేశాను. తమరు ఆ కొట్టివేత గమనించే ఉంటారు. రెండూ చేయండి.

ఈ నాలుగు ముక్కలూ చిత్తగించి, పాపను ఒక్కసారి కళ్ళారా చూడవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
తుమ్మురాణి అమ్మమ్మ

తా.క.: ఇది వ్రాస్తుంటే పాప నా భుజం మీదుగా చదివింది. "అమ్మమ్మా, దేవుడికి కూడా సున్నాలే చెప్పావా?" అని అడిగింది. అవునన్నాను. ముక్కు తుడుచుకుని, "అయితే ఆయనకీ ఒక అర్జీ రాయి," అంది. ఆయనకు ఎలా వ్రాయాలో నాకు ఇంకా తోచలేదు. ముందు తమరికి పంపుతున్నాను.