ఇక ఫ్రిజ్ ఆపక్కర్లేదు

నాన్నా,

గిటార్ నీ మంచం మీద పెట్టాను. తీగల మోతను పట్టి స్పీకర్‌కి పంపే పాత పికప్‌లు, లోపలి వైర్లు అన్నీ తీసేసి కొత్తవి వేశాను. పక్కన ఫ్రిజ్ నడుస్తున్నా ఇక గుయ్యిమనదు. వాల్యూమ్ తిప్పితే గరగరలాడదు. కాబట్టి వాయించేముందు ఫ్రిజ్ ఆపకు. మళ్లీ పాలు విరిగాయంటే అమ్మ మనిద్దర్నీ బయటికి గెంటేస్తుంది.

"ఉన్నదాన్ని కెలికి పాడుచేస్తావే" అన్నావుగా. ఒక్కసారి మీటి చూసి అప్పుడు మాట్లాడు. సాయంత్రం నీ స్నేహితులొస్తే గిటార్ బాగాలేదని తప్పించుకోవడం కుదరదు. ఇకమీదట స్వరం తప్పితే అది నీ వేళ్ల తప్పే.

నేను షాపుకి వెళ్తున్నా.

పాత పికప్‌లు నా సొరుగులో ఉన్నాయి, పారేయకు. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చింది నీ పాట కాదు, ఆ గుయ్యిమనే మోతే.