రెండు గీతలు కలిసే చోటు

సంగారెడ్డి,
జూలై, 1969

ప్రియమైన నాగేశ్వరికి,

నువ్వు తణుకులో మీ అమ్మమ్మ ఇంటికి చేరావని మీ నాన్నగారు మొన్న సంగారెడ్డి అంగడికి వచ్చినప్పుడు చెప్పారు. ఈ తెలంగాణ ఉద్యమం గొడవలు చల్లబడ్డాక నిన్ను మళ్లీ మీ ఊరు చిట్కుల్ తీసుకొస్తారట. ఆ మాట చెబుతూ ఆయన నేలచూపులు చూశారు. నాకు నమ్మకం కలగలేదు.

కాలేజీ తెరిచారు. ప్రాక్టికల్ పరీక్ష దసరా లోపే పెడతారట. ల్యాబ్‌లో మన బల్ల దగ్గర ఇప్పుడు నేనొక్కదాన్నే. సన్న కొలతలు తీసే వెర్నియర్ నువ్వు చూసి అంకె చెప్పేదానివి, నేను రాసుకుని లెక్క కట్టేదాన్ని. అందరూ మనల్ని జోడెద్దులనేవాళ్లు. ఒక ఎద్దు తణుకులో హాయిగా మేస్తోంది, రెండోది ఇక్కడ చతికిలబడింది.

నిన్న ఇనుప గుండు వ్యాసం కొలవమన్నారు. పెద్ద స్కేలు ఎలాగో తెలిసింది. వెర్నియర్ మీది సన్నగీతల్లో ఏది పెద్ద స్కేలు గీతతో కలుస్తుందో ఎంతసేపు చూసినా తెలియలేదు. తోచిన అంకెలు వేశాను. సోమేశ్వర్ సార్ నా పట్టిక చూసి, "ఈ గుండు పొద్దుగాల ఒక తీరు, పగటిపూట ఒక తీరు ఉంటదా?" అన్నారు. అందరూ నవ్వారు.

మా నాయిన సంగతి నీకు తెలుసు. పీయూసీ పాసైతే హైదరాబాదులో మేనత్త ఇంట్లో పెట్టి బీఎస్సీ చదివిస్తానన్నాడు. తప్పితే ఇక చదువు మాట ఎత్తొద్దన్నాడు. థియరీకి నాకు భయం లేదు. ప్రాక్టికల్ పోతే మాత్రం అన్నీ పోయినట్టే. నువ్వెలా చూసేదానివో రాయి, నీకు పుణ్యముంటుంది.

నీ
విమల

తణుకు,
ఆగస్టు, 1969

ప్రియమైన విమలా,

ఎద్దు నీ ఉత్తరం చదివి నవ్వింది, తర్వాత దిగులుపడింది. ఇక్కడి కాలేజీలో చేరాను. అక్కడ నన్ను ఆంధ్రోళ్ల పిల్ల అన్నారు, ఇక్కడ నా మాట విని తెలంగాణ పిల్ల అంటున్నారు. అమ్మమ్మ మాత్రం ఏ గొడవా లేకుండా అన్నం పెడుతోంది.

సరే, విను. ప్రయోగం ముందురోజే చదువుకో. పట్టిక ఇంటి దగ్గరే గీసుకుని వెళ్లు, అక్కడ గీస్తూ కూర్చుంటే సగం పొద్దు దానికే పోతుంది. వెర్నియర్ దవడలు మూసినప్పుడు సున్నా సున్నాతో కలవకపోతే ఆ తేడా రాసిపెట్టుకో. మనవాళ్లు లోలకం ప్రయోగంలో గురుత్వం విలువ ముందే వేసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వండుతారు కదా, నువ్వు ఆ పని చెయ్యకు. పరీక్షకు వచ్చే బయటి సార్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం చూపు. ఒక కన్ను మూసి, రెండో కన్ను గీతకు సరిగ్గా పైన పెట్టి నేరుగా చూడు. పక్కనుంచి చూస్తే గీత జరిగినట్టు కనిపించి మోసం చేస్తుంది. కిటికీ దగ్గర బల్ల అడుగు. అటెండర్ ఐలన్నని బతిమాలితే బీరువాలోంచి భూతద్దం తీసిస్తాడు.

నీ
నాగేశ్వరి

సంగారెడ్డి,
సెప్టెంబరు, 1969

ప్రియమైన నాగేశ్వరికి,

అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. పట్టికలు బాగున్నాయని సార్ మెచ్చుకున్నారు. కిటికీ బల్ల దొరికింది, భూతద్దమూ దొరికింది. నేరుగా చూశాను. నేరుగా చూసినకొద్దీ ఆ గీతే మాయమవుతోంది. చుట్టుపక్కల గీతలు ఉంటాయి, నాకు కావాల్సింది ఉండదు, అక్కడ ఎవరో వేలితో చెరిపేసినట్టు. మొదట్లో నీకూ ఇలాగే ఉండేదా? ఎన్నాళ్లకు అలవాటైంది?

మొన్న అమ్మ బియ్యంలో రాళ్లు ఏరమంది. ఏరాను. అయినా నాయినకు పంటికింద రాయి తగిలింది. పరధ్యానమని ఇద్దరూ చీవాట్లు పెట్టారు.

నీ
విమల

తణుకు,
సెప్టెంబరు, 1969

ప్రియమైన విమలా,

నాకు ఎప్పుడూ అలా లేదు. ఎవరికీ ఉండదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. బస్సు బోర్డు నన్నే చదవమనేదానివి. నల్లబల్ల మీదివి నా పుస్తకంలోంచి ఎక్కించుకునేదానివి, అదీ ముఖం ఆనించి. బద్ధకం అనుకుని ఏడిపించేదాన్ని.

ఇది చేతకానితనం కాదు, నీ కంట్లోనే ఏదో ఉంది. ఈ ఉత్తరం అందగానే మీ నాన్నగారితో చెప్పి కంటి డాక్టరుకు చూపించుకో. నాకు భయంగా ఉంది.

నీ
నాగేశ్వరి

తణుకు,
నవంబరు, 1969

విమలా,

దసరా వెళ్లింది, దీపావళీ వెళ్లింది. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోపమొచ్చిందా? పరీక్ష ఏమైంది? ఒక్క కార్డు ముక్క రాయి.

నాగేశ్వరి

సంగారెడ్డి,
డిసెంబరు, 1969

ప్రియమైన నాగేశ్వరికి,

కోపం కాదు. డాక్టరు పేరెత్తితే ఆ రోజే చదువు మానిపిస్తారని భయపడి, పరీక్ష అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. నీకు అబద్ధం రాయలేక ఊరుకున్నాను.

పరీక్షలో చీటీ తీస్తే లోలకం వచ్చింది. దారానికి కట్టిన గుండు ఊగుతుంటే కాలం లెక్కపెట్టడం కష్టం కాలేదు, కదిలేది నాకు బాగానే తెలుస్తుంది. ఆ గుండు వ్యాసం కొలిచే దగ్గర ఆగిపోయాను. భూతద్దం పెట్టి నేరుగా చూస్తే మళ్లీ గీత లేదు. ఏడుపు ఆపుకోవడానికి చూపు పక్కబల్ల వైపు తిప్పాను. అప్పుడు కంటి కొసన ఆ రెండు గీతలూ కలిసి కనిపించాయి. నువ్వు చెప్పినట్టు తల సరిగ్గా పైనే ఉంచి, చూపు మాత్రం పక్కకు పెట్టి మళ్లీ మళ్లీ కొలిచాను. ప్రతిసారీ అదే అంకె వచ్చింది.

ఇంతలో బయటి సార్ వచ్చి నా కాగితం లాక్కున్నారు. పక్కమ్మాయిది చూసి రాస్తున్నానన్నారు. ఇక దాచి లాభం లేకపోయింది.

"సార్, సక్కగ సూస్తే నాకు కనబడది. పక్కకు సూస్తెనే కనబడ్తది" అన్నాను.

ఆయన నమ్మలేదు. సోమేశ్వర్ సార్ వేరే గుండు తెచ్చి, నన్ను గోడ పక్క బల్లకు మార్చి మళ్లీ చేయించారు. ఖాళీ గోడ వైపు చూస్తూ కొలిచాను. బయటి సార్ తను కూడా కొలిచి, అదే అంకె వచ్చాక కాగితం తిరిగిచ్చారు.

పాసయ్యాను నాగేశ్వరీ. ప్రాక్టికల్‌లో తరగతికంతా నాదే మొదటి మార్కు.

కానీ సోమేశ్వర్ సార్ మా దుకాణానికి వచ్చి నాయినకు సంగతంతా చెప్పారు. నాయిన హైదరాబాదు తీసుకెళ్లి చూపించాడు. చూపు నడిమధ్యలో పోతోందట. కళ్లద్దాలకు లొంగదట, ఇంకా పోతుందట, అంచులు మాత్రం మిగులుతాయట. తిరిగొచ్చి బస్సు దిగాక నాయిన, "పాసైతే చదివిస్తనని మాటిచ్చిన బిడ్డా. ఇగ నిన్నెట్ల పంపాలె, నువ్వే చెప్పు" అన్నాడు. నా చదువు అక్కడితో ఆగిపోయింది.

పాసయ్యానని ఎవరికైనా చెప్పుకోవాలని ఉంటుంది. చెబితే అందరూ జాలిగా నా కళ్లలోకి చూస్తున్నారు. అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం. నేను చెబుతుంటే రాసింది చెల్లెలు ప్రభావతి, నీ జవాబు చదివిపెట్టేదీ అదే. కాబట్టి దాని మీద చాడీలు రాయకు.

వేసవికి నిన్ను తీసుకొస్తామని మీ నాన్నగారు అన్నారు. వచ్చినప్పుడు నా ఎదురుగా నిలబడకు. కొంచెం పక్కకు నిలబడు. నీ ముఖం చూసుకోవాలని ఉంది.

నీ
విమల