జడలు విప్పనివ్వలేదు

సరోజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అబిడ్స్ బస్సు ప్రమాదం గురించి మళ్ళీ రాస్తారట, పొద్దున్నే ఒక పత్రిక ఫోటోగ్రాఫర్ మన నాంపల్లి ఇంటికి వచ్చాడు. నీ కూతురు బుజ్జికి అప్పుడే రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాను.

“జర జడలు ఇప్పుండ్రి అమ్మా. తల్లి లేని పిల్ల లెక్క కనవడాలె. దండేసిన ఫోటో పక్కన నిలవడి ఏడిస్తే పేపర్ల మంచిగొస్తది” అన్నాడు.

పెద్దవాడు చెప్పాడు కదా అని బుజ్జి రిబ్బన్ లాగబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

“దానికి జడలు వేసేదాన్ని నేనున్నాను నాయనా. పసిదాని ఏడుపు ఊరికి చూపించడానికి కాదు” అని అతన్ని పంపేశాను.

గడియ పెట్టి వచ్చేసరికి అది నీ ఫోటో ముందు నిలబడి ఉంది.

“అమ్మమ్మా, ఇప్పుడు ఏడవొచ్చా?” అని అడిగింది.

ఒళ్ళోకి తీసుకున్నాను.

అమ్మ