షబ్నం ఎడమ ముందుకాలు

జూన్ 4, 1979, సోమవారం

మొహం కడుక్కోకముందే వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. ఎడమ ముందుకాలు, మోకాలి కింద, వెనకవైపు నరం. చల్లగా ఉంది. వేడిగా ఉంటే నరం మానలేదని లెక్క. ఇరవై రోజులుగా చల్లగానే... ఇక నడిపించవచ్చు.

ఆరు నెలలు కొట్టంలో నిలబడి షబ్నం పొట్ట పెంచింది, వీపు కండ పోగొట్టుకుంది. పెళ్లికొడుకుల్ని మోసిన గుర్రమని చెబితే కిషన్‌బాగ్‌లో కుక్కలు కూడా నమ్మవు. గుర్రపు దళంలో పనిచేసినన్నాళ్లూ ఒక్కో గుర్రానికి ఒక్కో పుస్తకం పెట్టి రోజూ రాసేవాళ్లం. పై అధికారి చదువుతాడని సగం అబద్ధాలు రాసేవాళ్లం. దీన్ని ఎవరూ చదవరు.

రాజలింగం సేఠ్ వచ్చి చూసి వెళ్లాడు. బ్యాండూ గుర్రాలూ ఆయనవి, వాటిని చూసుకునే జీతగాణ్ని నేను. శ్రావణంలో మొదటి బారాత్‌కు ఇది నడవాలట. లేకపోతే ఇటుక బట్టీవాడు అడుగుతున్నాడట. "బట్టీల కుంటిది గూడ నడుస్తది యాదగిరీ," అన్నాడు, పళ్లు కుట్టుకుంటూ.

జూన్ 6

పది నిమిషాల నడక. తల మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టింది. లగాం మీద వాలి నడుస్తోంది — నా చెయ్యే దానికి అయిదో కాలు. వదిలితే ముక్కు నేలకు కొట్టుకుంటుంది. భుజం లాగేస్తోంది.

తన బరువు తాను మోసుకోవడం మరిచిపోయింది. ముందుకాళ్ల మీద ఉన్న బరువు వెనకకాళ్ల మీదికి పోవాలి. పోతేనే ఆ నరం బతుకుతుంది. చెప్పడం తేలిక.

జూన్ 11

లాడాలు కొట్టడానికి ఖాదర్ భాయ్ వచ్చాడు. ఊరంతా ఒకటే సలహా — మూసీ ఇసుకలో నడిపించు, మెత్తగా ఉంటుంది. మెత్తనిదల్లా మంచిదనుకునేవాళ్లకు గుర్రాలూ తెలియవు, మనుషులూ తెలియరు. ఇసుకలో గిట్ట దిగబడితే మానిన నరం మళ్లీ సాగుతుంది. గట్టినేలే కావాలి. ఖాదర్ భాయ్ ఒక్కడే ఔనన్నాడు.

చివరి మేకు కొడుతూ అడిగాడు, ఆ రోజు అసలు ఏమైందని. పటాకా పేలి బెదిరిందని చెప్పాను. ఆరు నెలల నుంచి చెబుతున్నాను కదా, నోటికి అలవాటైపోయింది.

జూన్ 15

కొట్టాను.

గుండ్రంగా తిప్పుతుంటే మళ్లీ వాలింది. లగాం గుంజాను. మళ్లీ వాలింది. ఇంకా గట్టిగా గుంజాను. పెదవి చివర చీలింది, నురగలో ఎర్రగా... అయినా ఆగలేదు నేను, బెత్తం తీశాను. కోపం దాని మీద కాదు. ఆ సంగతి దానికి ఎవరు చెప్పాలి.

సాయంత్రం అదే చేతిలోంచి ఉలవ గుగ్గిళ్లు తింది. సిగ్గులేని జంతువు అనుకున్నాను. సిగ్గులేనిది ఎవరో నాకు తెలుసు.

జూన్ 20

మల్లేశ్ కనిపించాడు. మూసీ గట్టున, ఎవరివో బర్రెలు కడుగుతున్నాడు. గౌలిపురలో పాలవాళ్ల దగ్గర పనికి కుదిరాడట. పోయినేడు దాకా షబ్నానికి కుడివైపు పగ్గం పట్టినవాడు. ఎడమవైపు నేను.

నేను చూడనట్టు పోతుంటే షబ్నం చూసింది. చెవులు నిక్కించి సకిలించింది. ఆరు నెలలు మేపింది నేను. సకిలింపు వాడికి.

వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు దాని నడక చూశాడు. పోతూ పోతూ, "ముక్కు కిందికి పోనియ్యన్నా. దాన్ని జర నేల సూడనియ్," అన్నాడు.

అనాల్సినదంతా అందులోనే ఉంది.

జూన్ 23

సరే, రాసేస్తాను.

పోయిన మార్గశిరం, కార్వాన్‌లో బారాత్. నోటి కడియం నుంచి జీను దాకా బిగించే తోలు పట్టీ ఒకటుంటుంది, గుర్రం తల ఎత్తి పట్టడానికి. అయిదు తూట్లు. మూడో తూటు దాటితే గుర్రానికి తన కాళ్ల ముందు నేల కనిపించదు. ఇది మా పనిలో మొదటిరోజు చెప్పే ముచ్చట. మల్లేశ్‌కు నేనే చెప్పాను.

ఆడపెళ్లివాళ్లు తల ఇంకా పైకి ఉండాలన్నారు. అయిదో తూటులో పెట్టాను. మార్ఫా డప్పులు మోగాయి. మెడ కదలక, నిలదొక్కుకోలేక అది కాళ్లు టకటకా కొట్టింది. జనం దాన్ని డాన్సు అంటారు. ఈలలు వేశారు. నాకు మస్తు గర్వం. మూత లేని మురుగు మోరీ... అది చూడలేదు. చూడనివ్వలేదు నేను. కాలు లోపల. పెళ్లికొడుకు మోరీ పక్కన బోర్లా, పాగా నా చేతిలో.

సేఠ్ పరిగెత్తుకొచ్చేలోపు పట్టీని అయిదో తూటు నుంచి మూడో తూటుకు మార్చేశాను. గుర్రం మూడు కాళ్ల మీద వణుకుతుంటే నా వేళ్లు చేసిన మొదటి పని అది. మల్లేశ్ చూశాడు.

పటాకా పేలింది, మల్లేశ్ పగ్గం వదిలేశాడు అని చెప్పాను. బ్యాండువాళ్లందరి ముందు సేఠ్ వాడి చెంప పగలగొట్టి పంపేశాడు. వాడు నా వైపు చూశాడు. తన చేతికి పగ్గమిచ్చి పని నేర్పినవాణ్ని నేనే కదా. నోరు తెరవలేదు.

తెరవలేదని నాకు ఇప్పటికీ వాడి మీద కోపం.

జూలై 2

వానచినుకులు. మల్లేశ్ వచ్చాడు. నేను పిలవలేదు, పొమ్మనలేదు. పొద్దున్నే పాలు పిండి గౌలిపుర నుంచి ఇంత దూరం నడిచి వచ్చాడు.

పగ్గం పట్టలేదు వాడు. కుడి భుజం మీద అరచెయ్యి ఆనించి పక్కన నడిచాడు, అంతే. లగాం వదులు చెయ్యమన్నాడు. నా వేళ్లు వదలవే... చివరికి వదిలాను. ముక్కు కిందికి పోయింది, ఇంకా పోయింది, నేలను వాసన చూసింది. ఒక రాయి తగిలి తడబడింది. నా చెయ్యి వెతుక్కుంది. అక్కడ చెయ్యి లేదు.

తనే నిలదొక్కుకుంది.

నాకు ఏడుపొచ్చింది. తువ్వాలుతో వాన తుడుచుకున్నాను.

జూలై 9

నేల మీద వెదురు బొంగులు పరిచి వాటి మీదుగా నడక. చూసుకుని ఎత్తి వేస్తోంది కాళ్లు. గట్టు మీదికి ఎక్కించి, దిగేటప్పుడు సగంలో ఆపడం, రెండడుగులు వెనక్కి. ఆ వెనకడుగుల్లోనే ఉంది విద్యంతా. పిర్రలు కిందికి దిగుతాయి, ముందుభాగం తేలికవుతుంది. ఇవి దళంలో నేర్చినవి. ఎంతలో ఆపాలో మాత్రం మల్లేశ్‌కే తెలుస్తోంది. చెవి చూసి చెబుతాడు, ఇంక సాలు అని.

వెళ్లేముందు అడిగాడు. తలొంచుకుని, కాలి బొటనవేలితో మట్టి గీకుతూ. "సేఠ్‌కు చెప్తవా అన్నా, నన్ను మల్ల తీస్కొమ్మని?"

చెప్తానన్నాను.

జూలై 10

కాలు చల్లగా.

జూలై 22, ఆదివారం

బోనాల డప్పులు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. డప్పు వినగానే షబ్నం తల పైకెత్తి బిగుసుకుపోయింది. నోటికి పట్టీ లేదు, ఏమీ లేదు. అయినా మెడ అయిదో తూటు దగ్గరికి పోయి ఆగింది.

చెమటలు పట్టాయి దానికి. నాకూ. మల్లేశ్ మెడ కింద గోకుతూ ఏదో మాట్లాడాడు చాలాసేపు. మెల్లగా దించింది. నావైపు చూడలేదు వాడు, మేలు చేశాడు.

జూలై 30

వచ్చేసింది!

ఎక్కాను. నడక, చిన్న పరుగు, మళ్లీ నడక. లగాం ఊగుతోంది, నా చేతిలో ఏ బరువూ లేదు. మెడ తనంతట తనే వంచుకుంది, వీపు నా కింద లేచింది. ఊపిరి వదిలి కూర్చుంటే ఆగింది — నాలుగు కాళ్లూ నాలుగు మూలలా, పీట వేసినట్టు. పద్దెనిమిదేళ్లు దళంలో ఎన్ని గుర్రాలు ఎక్కానో, ఇంత తేలిగ్గా ఏదీ నడవలేదు. ఖాళీ చేతులతో ఇంత సంతోషంగా ఉండవచ్చని ఈ వయసులో తెలిసింది.

మల్లేశ్ గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాడు. వాడి పన్ను ఒకటి లేదు. ఆ చెంపవైపే. ఇంతకాలం గమనించలేదు, గమనించకపోవడం నాకు బాగా వచ్చు.

ఆగస్టు 6, సోమవారం

సేఠ్ వస్తున్నాడని తెలిసి మల్లేశ్‌ను గడ్డివాము వెనక నిలబడమన్నాను. సమయం చూసి పిలుస్తానని చెప్పాను. నిలబడ్డాడు.

వదులు లగాంతో నడిపించి చూపించాను. ఆపాను, తిప్పాను, వెనక్కి నడిపించాను. సేఠ్ సిగరెట్ కాల్చినంతసేపు చూశాడు. చూసి, "ఏందిది, దూడ లెక్క నేల సూస్కుంట నడుస్తది? పెండ్లి గుర్రమా, పెయ్యనా?" అన్నాడు. శుక్రవారం బారాత్ కార్వాన్‌లోనట. పట్టీ కట్టి తీసుకురమ్మన్నాడు. తల లేవకపోతే శనివారం బట్టీకి.

పట్టీ కడితే నేల కనబడదు, మళ్లీ నరం పోతుందని చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఆ రోజు తూటు సంగతి దగ్గరికి పోతుంది మాట. మూసుకున్నాను.

పోతూ ఆగి, మెచ్చుకోలుగానే అడిగాడు, ఇంత పని ఒక్కడివే చేశావా అని.

"ఒక్కన్నే సేఠ్," అన్నాను.

గడ్డివాము అయిదు గజాల దూరంలో ఉంది. సేఠ్ వెళ్లాక వెనక్కి పోయి చూస్తే ఎవరూ లేరు. గడ్డి నొక్కుకుపోయి ఉంది, మనిషి ఆనుకుని నిలబడినచోట.

ఆగస్టు 8

మల్లేశ్ రాలేదు. షబ్నం గట్టువైపే చూస్తోంది. పోనీ అనుకున్నాను. పోనీ అనుకుంటే పోయేది కాదు ఇది.

కాలు చల్లగా.

ఆగస్టు 11, శనివారం

నిన్న సాయంత్రం కార్వాన్. అదే వీధి.

మూడో తూటులో పెట్టి బయల్దేరాను. మార్ఫా మొదలు కాగానే సేఠ్ సైగ చేశాడు. నాలుగు. ఇంకో సైగ. అయిదు. ఆయన ముట్టుకోలేదు, బిగించింది ఈ వేళ్లే. బట్టీ కన్నా నయం కదా అని దాని చెవిలో చెప్పాను. నయం దానికా, నాకా?

తడబడుతుందనుకున్నాను. లేదు. నేర్చినదంతా ఉంది దాని ఒంట్లో — తల కట్టేసినా బరువు వెనకకాళ్ల మీదికి తీసుకుంది, ముందుకాళ్లు గాలిలో ఆడించింది. ఇంత అందంగా ఎప్పుడూ ఆడలేదు. జనం మీద పడిపోయారు చూడ్డానికి. మల్లేశూ నేనూ రెండు నెలలు అంత కష్టపడి నేర్పింది, పట్టీ ఇంకా బాగా పనిచేయడానికి పనికొచ్చింది.

మోరీ దగ్గర ఆగిపోయింది. కనబడదు, అయినా గుర్తుంది. కదలనంది. వెనక డప్పులు, పెళ్లికొడుకు మేనమామలు అరుస్తున్నారు. బెత్తంతో కొట్టాను, ఎడమవైపు. దాటింది. దిగేటప్పుడు ఎడమకాలు ఒక్కసారి... ఒక్క అడుగే. ఎవరూ చూడలేదు.

ఎవరూ చూడలేదనుకున్నాను. అరుగు మీద జనంలో మల్లేశ్ ఉన్నాడు. మమ్మల్ని చూడడం లేదు, ఆ కాలునే చూస్తున్నాడు.

సేఠ్ అందరి ముందు నా భుజం తట్టాడు. రేపు ఇంకో బారాత్, ఎల్లుండి ఇంకోటి. శ్రావణమంతా ఖాళీ లేదు.

ఇవాళ తెల్లవారి లేచాను. మొహం కడుక్కున్నాను. టీ తాగాను. కొట్టం తలుపు సందులోంచి చూశాను. ఎడమకాలు కాస్త ముందుకు పెట్టి నిలబడి ఉంది. గుర్రాలు ఊరికే కూడా అట్లా నిలబడతాయి... అప్పుడప్పుడు. గుగ్గిళ్లు ముట్టలేదు.

తలుపు దగ్గర మల్లేశ్. ఎప్పుడొచ్చాడో. కాళ్లు మోకాళ్ల దాకా బురద. పనికోసం వచ్చావా అని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"నీ కోసం రాలే అన్నా. చెయ్యి పెట్టి సూసినవా?"

"సూసిన. సల్లగనే ఉంది."

కొట్టం తాళం నా జేబులో ఉంది. వాడు కదలలేదు, నేనూ తీయలేదు. పుస్తకం రాసి వస్తానని చెప్పి లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను.

చెయ్యి ఇంకా పెట్టలేదు.