అక్కకు రాసిచ్చిన జ్ఞాపకాలు

బస్సు డిపో క్యాంటీన్‌లో ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వంట చేసి మానుకున్న నేను, కాలం చేసిన డ్రైవరు గారి భార్యను, ఒక ఆడపిల్ల తల్లిని, నా బుద్ధి ఇంకా నా చెప్పుచేతల్లో ఉండగానే, ఎవరి బెదిరింపూ బతిమాలడమూ లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. దీనికి ముందు ఏ వీలునామా రాయలేదు. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరమ్మ పరీక్ష చేసి కాగితం ఇచ్చింది. అందులో "ప్రస్తుతానికి" అని ఒక మాట చేర్చింది. అది తీసేయమని అడిగితే తీయనంది.

ఇంత తొందరెందుకని వారసులు అడగవచ్చు. నా తలకు స్కానింగ్ తీశారు. ఏళ్ల తరబడి బీపీని పట్టించుకోకపోవడం వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలు గట్టిపడి, ఇరుకై, అక్కడక్కడ మూసుకుపోయాయట. పెద్ద పక్షవాతం రాలేదు గానీ, చిన్నచిన్నవి నాకు తెలియకుండానే వచ్చి పోయాయట. డాక్టరమ్మ ఫిల్ములో తెల్లటి మచ్చలు చూపించి, "పోయింది తిరిగి రాదమ్మా. ఇకనైనా మాత్రలు మానకుండా వేసుకుంటే మిగిలింది నెమ్మదిగా పోతుంది" అంది. అదీ ఆవిడ ఇచ్చిన ధైర్యం.

నా వెంట వచ్చిన మా అక్క అప్పుడే సంచిలోంచి తన ఫిల్ము తీసింది. పోయినేడు జారిపడితే తీయించుకున్నదట. ఎవరైనా అడిగారా? డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఈ వయసులో ఇంత శుభ్రంగా ఉండటం అరుదు" అని మురిసిపోయింది. అక్క నాకంటే పెద్దది. ఒక అమ్మ కడుపున పుట్టి, ఒకే క్యాంటీన్‌లో పని చేశాం. ఆవిడ కౌంటర్లో ఫ్యాను కింద కూర్చుంది, నేను పొయ్యి దగ్గర నిలబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతి గిన్నెలోనూ ఉప్పు చూశాను. అయినా అసూయ పడకూడదట. పడతాను. ఇది కూడా వీలునామాలో రాయమని లాయరు గారికి చెప్పాను.

1. నేనుంటున్న రెండు గదులు, వంటిల్లు, వెనక పంపు, వాటి మీది సర్వహక్కులు నా తదనంతరం నా కూతురికి చెందవలసినది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా దానిదే. బీపీ చూసే మిషను కూడా దానికే. అమ్మాయీ, దాన్ని అటక మీద పడేయకు, చేతికి కట్టుకుని చూసుకో. తల తిరగడం లేదు కదా, నాకేం అనుకోకు. నాకూ ఏనాడూ తిరగలేదు. అందుకే మాత్రలు ఇంటికొచ్చిన వాళ్లకు కనిపించేలా అలమరలో పెట్టి, వేసుకోవడం మానేశాను.

2. నా సొంత డబ్బుతో కొన్న పెద్ద డేగిసాలు, గరిటెలు, ఇప్పుడు క్యాంటీన్ వంట చూస్తున్న బక్కాయనకు ఇవ్వవలసినది. ఆయన చేతివంట నాకు నచ్చదు. కానీ డేగిసాలు తోముకోవడంలో ఆయనకు వంక పెట్టలేం. వాటితో పాటు ఒక పద్ధతి కూడా ఇస్తున్నాను. ఇద్దరు ముగ్గురు వంట చేసే చోట ఎవరు ఉప్పు వేసినా వెంటనే డబ్బా మూత బోర్లించి పెట్టాలి. రెండోవాళ్లు అది చూసి చెయ్యి ఆపుకుంటారు. వంట దించాక మూత మళ్లీ మామూలుగా పెట్టాలి. ఈ పద్ధతి పెట్టింది నేను. అక్క తానే పెట్టానని చెబుతుంది. ఏ రోజు, ఏ వంట దగ్గర, పక్కన ఎవరున్నారో కూడా చెబుతుంది కాబట్టి అందరూ ఆవిడనే నమ్ముతారు. జ్ఞాపకం బాగున్నవాళ్లకు ఉన్న సుఖం అదే.

3. మా అమ్మ మెడలోని గొలుసు మా అక్కకు చెందవలసినది. అది నాకు వచ్చినప్పుడు ఆవిడ మొహం ఎలా మాడిపోయిందో నాకు బాగా గుర్తుంది. ఆ ఒక్కటి మాత్రం ఏ నాళం మూసుకుపోయినా చెరగదు. ఇన్నాళ్లూ ఇవ్వకుండా ఉండి సంతోషించాను, ఇప్పుడు ఇచ్చేస్తున్నాను. కారణం చెప్పక తప్పదు.

మొన్నామధ్య అక్క మా ఇంటికి భోజనానికి వచ్చింది. కూర పొయ్యి మీద ఉంది, డబ్బా మూత బోర్లించి ఉంది. అది ఇప్పుడే బోర్లించానో, నిన్నటి నుంచీ అలాగే ఉండిపోయిందో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆవిడను అడగడానికి నామోషీ అనిపించి, ఉప్పు వేశాను. అక్క చెంచాతో కొలిచి ఉప్పు తినే మనిషి, మజ్జిగలో కూడా వేసుకోదు. ఆ రోజు కూరంతా కలుపుకుని తిని, "బాగుందే" అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. సాయంత్రం మా అమ్మాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, "అమ్మా, ఇదేం ఉప్పే!" అని అరిచింది.

ఆ రాత్రి అక్క మీద నాకొచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది. శుభ్రమైన నాళాలు ఆవిడకే, జ్ఞాపకం ఆవిడకే, ఆఖరికి మంచితనం కూడా ఆవిడకే దక్కాలా? ఏడ్చాను కూడా. గొలుసు తీసుకో అక్కా.

4. ఈ అంశం వీలునామాలో చెల్లదని లాయరు గారు అంటున్నారు. "వీలునామా మనిషి పోయాక పనిచేస్తుందమ్మా, బతికుండగా కాదు" అన్నారు. మనిషి ఉండగానే సగం పోయే జబ్బు నాది. చెల్లకపోతే మానె, రాయండి అన్నాను.

మా ఆయన పెళ్లికి ముందు క్యాంటీన్‌కు వచ్చేవాడు. ఎవరి కోసం వచ్చేవాడన్నదే మా అక్కచెల్లెళ్ల మధ్య తగువు. "మరిది మొదట్లో నా కౌంటర్ వదిలేవాడు కాదు, చిల్లర తీసుకున్నాక కూడా అక్కడే నిలబడేవాడు" అని అక్క ప్రతి పెళ్లిలోనూ నవ్వుతూ చెబుతుంది. అందరూ నవ్వుతారు. ఆయన కూడా నవ్వేవాడు, కాదని అనేవాడు కాదు. కానీ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, గిన్నె అడుగున మాడిన అన్నం ఉందా అని అడిగేవాడు. కడుపు నిండా తిన్న మనిషికి మాడన్నం ఎందుకు? ఆ కిటికీ దగ్గర నేనూ ఆయనా తప్ప మూడో మనిషి లేరు. ఆయన పోయాడు. ఇక నా తలలోంచి కూడా పోతే, కౌంటర్ కథ ఒక్కటే మిగులుతుంది. జబ్బు కంటే నాకు దీని భయమే ఎక్కువ.

కాబట్టి నేను కోరేదేమంటే, ఒక రోజు నేను అక్కను పట్టుకుని, "మా ఆయన ఎవరి కోసం వచ్చేవాడు?" అని అడుగుతాను. కాసేపాగి మళ్లీ అడుగుతాను. అక్క విసుక్కోకూడదు, ఇందాకే చెప్పాను కదా అనకూడదు. అడిగిన ప్రతిసారీ, "నీ కోసమేనే, కిటికీ దగ్గరికి వచ్చేవాడు" అని చెప్పాలి. నీకు నమ్మకం లేకపోయినా చెప్పాలి అక్కా. మా అమ్మాయి చెబితే నా మనసు నొప్పించలేక అంటోందనుకుంటాను. నువ్వు చెబితే నమ్ముతాను, ఎందుకంటే నువ్వు ఏదీ మరిచిపోవు. మన మిగతా జ్ఞాపకాలన్నీ, నాన్నవీ, క్యాంటీన్‌వీ, మూత సంగతితో సహా, నీకు రాసిచ్చేస్తున్నాను. నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో. ఈ ఒక్కటి నాది. నేను మోయలేనప్పుడు నువ్వు మోయి.

తేదీ: ఆగస్టు పన్నెండు, మంగళవారం. ఎవరూ అందించకుండా నేనే చెప్పాను.

సంతకం: డిపో క్యాంటీన్ వంటామె

సాక్షులు:
1. నాకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ
2. డిపోలో టైంకీపరుగా చేసి రిటైరైన పెద్దాయన

(గొలుసు పుచ్చుకునే మనిషి సాక్షి సంతకం చేయకూడదని లాయరు గారు అన్నందుకు అక్క బయట బల్ల మీద కూర్చుంది. నాలుగో అంశం లాయరు గారు ఆమెకు చదివి వినిపించారు. "కిటికీ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమే పిల్లా" అని మాత్రం అంది.)